సీఈవో పారితోషికం పనితీరుకు తగినదేనా? వార్షిక నివేదికలో చూసుకునే పద్ధతి

సీఈవోకు ఏడాదికి ఇంత ముట్టిందన్న వార్త చూసి ముక్కున వేలేసుకోవడం సులువే గాని, ఆ మొత్తానికీ కంపెనీ పనితీరుకూ నిజంగా లంకె ఉందో లేదో తేల్చుకోవాలంటే వార్షిక నివేదికను ఓపికగా చదవక తప్పదు. చదువుతున్నంతసేపూ ఒక్క ప్రశ్నను వదలకండి: కంపెనీ దెబ్బతిని ఉంటే ఈ పారితోషికంలో ఎంత భాగం రాకుండా పోయేది?

కనీసం ఐదేళ్ల నివేదికలు దగ్గర పెట్టుకుని, ప్రతి ఏటి మొత్తాన్నీ స్థిరమైన జీతం, వార్షిక బోనస్, షేర్లు లేదా స్టాక్ ఆప్షన్లుగా (ముందే నిర్ణయించిన ధరకు షేర్లు కొనే హక్కులుగా) విడదీసి రాసుకోండి. షేర్లకు రెండు అంకెలుంటాయి: మంజూరు చేసిన రోజున కట్టిన విలువ ఒకటి, గడువు తీరాక చేతికి అందిన విలువ మరొకటి. వీటిని కలిపేస్తే లెక్కంతా తప్పుతుంది. అమెరికాలో స్టాక్ మార్కెట్ల నియంత్రణ సంస్థ అయిన సెక్యూరిటీస్ అండ్ ఎక్స్ఛేంజ్ కమిషన్ 2022లో తెచ్చిన నిబంధన వల్ల, ‘వాస్తవంగా చెల్లించిన పారితోషికం’ అనే అంకె వాటాదారుల రాబడి పక్కనే పట్టికలో కనిపిస్తుంది. పేరు అలా ఉన్నా అది చేతికందిన డబ్బు కాదు, ఇంకా చేతికి రాని షేర్ల విలువలో వచ్చిన మార్పు కూడా అందులో కలిసి ఉంటుంది.

ఆ తర్వాత ఈ అంకెల పక్కనే కంపెనీ పనితీరును కూడా రాసుకోండి. షేరు ధర పెరుగుదలకు డివిడెండ్లు కలిపిన మొత్తం రాబడినీ, మూలధనంపై వచ్చిన రాబడినీ తీసుకుని, అదే రంగంలోని పోటీ కంపెనీలతో పోల్చాలి. ఈ పోలిక లేకపోతే అదృష్టం కూడా ప్రతిభ ఖాతాలో పడుతుంది. ఆర్థికవేత్తలు మరియాన్ బెర్ట్రాండ్, సెంధిల్ ములైనాథన్ 2001లో ప్రచురించిన పరిశోధనలో, ముడిచమురు ధర పెరిగినప్పుడు చమురు కంపెనీల సీఈవోల పారితోషికం కూడా పెరిగిందని చూపారు. ఆ ధర వారి చేతిలో లేదు. రంగమంతా లాభపడిన ఏడాదిలో వచ్చిన బోనస్‌ను నేను సగం నమ్మకంతోనే చూస్తాను.

అన్నిటికంటే ఎక్కువ సమయం బోనస్ లక్ష్యాల మీద పెట్టండి. ఒక్కో షేరుకు వచ్చే లాభమే లక్ష్యమైతే, 100 కోట్ల లాభం, 10 కోట్ల షేర్లు ఉన్న కంపెనీలో ఆ అంకె 10 అవుతుంది. కంపెనీ తన సొంత డబ్బుతో కోటి షేర్లను తిరిగి కొని రద్దు చేస్తే, లాభం అంతే ఉన్నా 9 కోట్ల షేర్లకు ఆ అంకె 11.11 అవుతుంది, వ్యాపారం అంగుళం కూడా ముందుకు కదలకుండానే ఆ అంకె 11 శాతానికి పైగా మెరుగైనట్టు కనిపిస్తుంది. అందుకే షేర్ల సంఖ్య ఏటేటా ఎలా మారిందో చూడండి. ‘సర్దుబాటు చేసిన లాభం’ అన్న మాట కనిపిస్తే ఏ ఖర్చులను తీసేశారో వెతకండి. అవే ఖర్చులు ‘అసాధారణం’ పేరుతో ఏటా వస్తుంటే అవి మామూలు ఖర్చులే. లక్ష్యాన్ని నిరుటి ఫలితం కంటే తక్కువగా పెట్టారా అన్నదీ ఇక్కడే తెలుస్తుంది.

పారితోషికాన్ని కంపెనీ పరిమాణం కూడా బలంగా పెంచుతుంది. పెద్ద కంపెనీని కొని కలుపుకున్న మరుసటి ఏడే జీతం పెరిగి, మూలధనంపై రాబడి మాత్రం తగ్గితే ఆ పెంపు పనితీరుకు దక్కినది కాదు. పారితోషికం ఖరారు చేసేటప్పుడు పోల్చి చూసుకునే ‘తోటి కంపెనీల’ జాబితాలో తమకంటే చాలా పెద్దవాటినే చేర్చుకున్నారేమో కూడా చూడాలి.

సీఈవో దగ్గర సొంతంగా ఎన్ని షేర్లున్నాయో మరువకండి. ఆర్థికవేత్తలు మైకేల్ జెన్సన్, కెవిన్ మర్ఫీ 1990లో అమెరికా కంపెనీల మీద చేసిన లెక్కలో, వాటాదారుల సంపద 1,000 డాలర్లు మారితే సీఈవో సంపద సుమారు 3.25 డాలర్లే మారుతుందని తేలింది. అందులోనూ ఎక్కువ భాగం సొంత షేర్ల వల్ల వచ్చినదే.

మీరు వాటాదారులైతే ఈ లెక్కను ఓటు దాకా తీసుకెళ్లవచ్చు. ఆస్ట్రేలియాలో 2011 నుంచి, పారితోషిక నివేదికకు వరుసగా రెండేళ్లు 25 శాతం, లేదా అంతకు మించి, వ్యతిరేక ఓట్లు పడితే బోర్డు సభ్యులను మళ్లీ ఎన్నుకోవాలా అన్నదానిపై ఓటింగు జరపాలి. మీ దేశంలో ఆ ఓటు సలహా మాత్రమే అయినా, లక్ష్యాన్ని ఎందుకు తగ్గించారని వార్షిక సమావేశానికి ముందే పారితోషిక కమిటీకి రాతపూర్వకంగా అడగండి.