బెదిరిస్తేనే యుద్ధం ఆగిందా? నోట్‌బుక్‌తో తేల్చుకునే పద్ధతి

నేను ఒక తెలుగు దినపత్రికలో అంతర్జాతీయ పేజీ చూసి రిటైరైనవాణ్ని. యుద్ధం నడుస్తుండగా ఏ దేశాధినేతైనా 'నామరూపాల్లేకుండా చేస్తాం' అన్నాడంటే ఆ పూట హెడ్డింగ్ కోసం వెతుక్కునే పని ఉండదు. వారం తిరక్కుండా కాల్పుల విరమణ కుదిరితే రెండో హెడ్డింగూ సిద్ధమే: 'దెబ్బకు దిగొచ్చారు'. ఈ రెండోది నిజమో కాదో చూసుకోవడానికి డెస్క్‌లో కొత్తగా చేరిన పిల్లలకు ఒక పద్ధతి చెప్పేవాణ్ని. గ్రూప్స్‌కి చదివేవాళ్లకు కూడా పనికొస్తుంది.

లాంగ్ నోట్‌బుక్‌లో ఒక పేజీని నిలువుగా నాలుగు గడులు చేయండి. తేదీ, పైకి ఏమన్నారు, లోపల ఎవరు ఎవరిని కలిశారు, షరతుల్లో ఏం మారింది. నాలుగో గడి చాలా రోజులు ఖాళీగానే ఉంటుంది. అది నిండిన తేదీలు దొరికితే సగం పని అయిపోయినట్టే.

మొదటి పేజీకి కొరియా యుద్ధం తీసుకోండి. అక్కడ చర్చలు 1951 జులై 10న కేసాంగ్‌లో మొదలై, తర్వాత పన్‌మున్‌జోమ్‌కి మారాయి. చిక్కు యుద్ధఖైదీల దగ్గర పడింది. ఇంటికి పోమని భీష్మించిన చైనా, ఉత్తర కొరియా ఖైదీలను బలవంతంగా పంపేది లేదని అమెరికా, అందరినీ పంపాల్సిందేనని అవతలి పక్షం. చివరికి 1953 జులై 27న సంతకాలయ్యాయి. అణుబాంబు వాడతామని సూచన పంపడం వల్లే చైనా దారికొచ్చిందని అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్, ఆయన విదేశాంగ మంత్రి డల్లెస్ తర్వాత చెప్పుకున్నారు. ఆ సూచన ఢిల్లీ మీదుగా, నెహ్రూ ద్వారా వెళ్లిందని కథ.

ఇప్పుడు తేదీలు వేయండి. 1953 మార్చి 5న సోవియట్ నేత స్టాలిన్ చనిపోయాడు. ఇంటికి పోమనే ఖైదీలను తటస్థ దేశానికి అప్పగించవచ్చని మార్చి 30న చైనా ప్రధాని చౌ ఎన్‌లై ప్రకటించాడు. ఆగిపోయిన చర్చలు ఏప్రిల్ 26న మళ్లీ మొదలయ్యాయి. డల్లెస్ ఢిల్లీ వచ్చింది మే మూడో వారంలో! అంటే చిక్కుముడి వదులైంది మార్చిలో, ఆ బెదిరింపు మేలో. పైగా ఆ సంభాషణ గురించి అమెరికా రాసుకున్న రికార్డులోనే అణుబాంబు ప్రస్తావన లేదు. చర్చలు చెడితే సైనిక చర్య తగ్గదు, పెరుగుతుంది, యుద్ధరంగం విస్తరించవచ్చు అన్నంతవరకే ఉంది. అలాంటి కబురేదీ తాను చేరవేయలేదని నెహ్రూ అన్నారు.

ఇక్కడ ఆగకండి. బెదిరించినవాళ్లు ఏం వదులుకున్నారో కూడా నాలుగో గడిలో రాయాలి, చాలామంది ఇది మర్చిపోతారు. ఇంటికి పోమనే కొరియన్ ఖైదీలను విరమణ అమల్లోకి రాగానే విడిచిపెట్టాలని మే 13న అమెరికా పక్షం అడిగింది. మిత్రదేశాలే పెదవి విరిచాయి. మే 25న ఆ షరతు వదిలేసి, వాళ్లనూ తటస్థ దేశాల కమిషన్‌కే అప్పగిస్తామంది. జూన్ 8న ఖైదీల ఒప్పందం కుదిరింది. ఆ కమిషన్‌కు అధ్యక్షుడు మన జనరల్ తిమ్మయ్య, ఆ ఖైదీలకు కాపలా కాసింది మన సైనికులు. బెదిరింపు కథ చెప్పేవాళ్లు మే 13కీ మే 25కీ మధ్య మారిన మాట జోలికి సాధారణంగా పోరు. యుద్ధం ఒత్తిడి అసలు పనిచేయలేదని నేననడం లేదు. ఆ మే నెలలోనే ఉత్తర కొరియా ఆనకట్టల మీద బాంబులు పడ్డాయి. జరుగుతున్న దాడి ఒకటి, జరగబోయే దాడి గురించి అన్న మాట ఒకటి. రెండింటినీ ఒకే గడిలో కలిపేయకండి.

తర్వాత చూడాల్సింది, సంతకానికి మొరాయిస్తున్నది ఎవరు అన్నది. వియత్నాం యుద్ధం తీసుకోండి. 1972 అక్టోబర్ 26న, అమెరికా తరఫున చర్చలు నడిపిన కిసింజర్ శాంతి చేతికందే దూరంలో ఉందన్నాడు. డిసెంబర్ 18 నుంచి ఉత్తర వియత్నాం మీద భారీ బాంబు దాడులు జరిగాయి. 1973 జనవరి 27న పారిస్‌లో సంతకాలయ్యాయి. బాంబులకు హనోయ్ (ఉత్తర వియత్నాం ప్రభుత్వం) లొంగిందని అప్పట్లో రాసినవాళ్లున్నారు. అక్టోబర్ ముసాయిదాను, జనవరి ఒప్పందాన్ని పక్కపక్కన పెట్టి చూడండి. దక్షిణాన ఉన్న ఉత్తర వియత్నాం సైన్యం అక్కడే ఉండిపోవడం రెంటిలోనూ ఉంది. అక్టోబర్‌లో అడ్డం తిరిగింది సైగాన్‌లోని థియూ, అంటే అమెరికా మద్దతున్న దక్షిణ వియత్నాం అధ్యక్షుడు. మీరు చేయకపోయినా మేం సంతకం చేస్తాం అని అమెరికా అధ్యక్షుడు నిక్సన్ జనవరిలో ఆయనకు ఉత్తరాలు రాశాడు. ఆ బెదిరింపు మాత్రం పారింది, అదీ సొంత మిత్రుడి మీద.

మరి గట్టి హెచ్చరిక శత్రువు మీద పనిచేసినది లేదా? ఉంది, 1971 డిసెంబర్ ఢాకా. మన సైన్యాధిపతి మానెక్‌షా రేడియోలో, కరపత్రాల్లో పాకిస్తాన్ సైనికులకు చెప్పింది కటువుగానే ఉంది: మిమ్మల్ని చుట్టుముట్టాం, లొంగిపోండి. అదే నోటితో, లొంగితే జెనీవా ఒప్పందాల ప్రకారం చూసుకుంటాం అన్నాడు. బంగ్లాదేశ్ విమోచన దళం ముక్తివాహిని చేతికి చిక్కుతామేమోనని వణుకుతున్న సైన్యానికి అది ప్రాణం మీద హామీ. డిసెంబర్ 15 సాయంత్రం అయిదింటికి విమానదాడులు ఆపి, మర్నాడు ఉదయం తొమ్మిది దాకా గడువిచ్చారు. ఆ గడువు తర్వాత ఇంకొంచెం పెరిగింది కూడా. 16న అక్కడి పాకిస్తాన్ సేనాని నియాజీ సంతకం పెట్టిన లొంగుబాటు పత్రంలోకి జెనీవా హామీ ఎక్కింది. అదే వారం అమెరికా 'ఎంటర్‌ప్రైజ్' యుద్ధనౌకను బంగాళాఖాతం వైపు పంపింది. దాని పేరు చెబితే విశాఖలో నాటి పెద్దవాళ్లు ఇప్పటికీ కబుర్లు మొదలుపెడతారు గానీ, ఢాకా వైపు నడుస్తున్న సైన్యం మాత్రం ఆగలేదు.

కాబట్టి ఏ హెచ్చరిక కనబడినా దానికింద మూడు చిన్న ప్రశ్నలు రాసుకోండి. ఏం చేయమంటున్నారు? ఎప్పటిలోగా? చేస్తే ఏం దక్కుతుంది? మూడోదానికి జవాబు లేకపోతే, అది ఎక్కువగా సొంత జనం చప్పట్ల కోసం అన్న మాటేనని నా అభిప్రాయం.

మూడో గడిని మాత్రం పెన్సిల్‌తో నింపండి. క్యూబాలో సోవియట్ క్షిపణుల గొడవ నడుస్తుండగా, 1962 అక్టోబర్ 27న అమెరికా అధ్యక్షుడి తమ్ముడు రాబర్ట్ కెనెడీ సోవియట్ రాయబారి దోబ్రినిన్‌ను కలిసి, టర్కీలోని తమ జూపిటర్ క్షిపణులు తీసేస్తామని గుట్టుగా చెప్పాడు. మర్నాడు సోవియట్ నేత కృశ్చేవ్ క్యూబా నుంచి క్షిపణులు వెనక్కి తీసుకుంటున్నట్టు ప్రకటించాడు. టర్కీ సంగతి బయటి జనానికి పూర్తిగా తెలియడానికి ఏళ్లు పట్టింది. ఉక్రెయిన్ పేజీ మొదలుపెట్టేవాళ్లు 2022 ఫిబ్రవరి 27 దగ్గర పుతిన్ అణు బలగాలను అప్రమత్తం చేయడం, 28 దగ్గర బెలారస్ సరిహద్దులో తొలి చర్చలు, మార్చి 29 దగ్గర ఇస్తాంబుల్ చర్చలు రాసుకుని, పక్కన నాలుగైదు లైన్లు ఖాళీ వదలండి.