కర్ణాటక సంగీతం నేర్చిన గొంతుతో గజల్ పాడడం ఎలా?

కడపలో కొన్నేళ్లు కర్ణాటక సంగీతం సాధన చేసినవారు గజల్ వైపు మళ్లాలనుకుంటే రాగం గురించి పెద్దగా బెంగపడనవసరం లేదు. కల్యాణి తెలిసినవారికి హిందుస్తానీ రాగం యమన్, ఖరహరప్రియ తెలిసినవారికి హిందుస్తానీ కాఫీ స్వరస్థానాల వరకు పరిచితాలే. నడకా గమకమూ మాత్రం వేరు. అసలు కష్టం మాటతో వస్తుంది.

‘గజల్’ అన్న పదాన్నే తీసుకోండి. దాని మొదటి అక్షరం మన ‘గ’ కాదు, గొంతు లోపలి నుంచి కొద్దిపాటి రాపిడితో రావాలి. రెండోదాన్ని నాలుక కొనను పళ్ల దగ్గరకు చేర్చి, గాలిని ఆపకుండా, తుమ్మెద రొదలా పలకాలి. ఉర్దూ ఇంటి భాషగా ఉన్న పొరుగువారి చేత ఒక్కొక్క షేర్ (రెండు పాదాల పద్యం) చదివించుకుని, వారు ఆగిన చోటే ఆగడం నేర్చుకోండి. అయితే దక్కనీ (దక్కన్ ప్రాంతపు ఉర్దూ) పలుకుబడిలో, గొంతు లోతు నుంచి ‘క’లా పలకాల్సిన ‘క్వాఫ్’ అనే అక్షరం తరచు ‘ఖ’గా మారుతుంది కనుక ఉర్దూ ఉపాధ్యాయులకు కూడా ఒకసారి వినిపించడం మేలు.

మత్లాలో, అంటే గజల్ మొదటి షేర్‌లో, రెండు పాదాల చివరా రదీఫ్ (మారకుండా తిరిగి వచ్చే మాట) వస్తుంది. తర్వాతి షేర్లలో రెండో పాదానికే వస్తుంది. అందువల్ల మొదటి పాదాన్ని రెండు మూడు విధాలుగా తిప్పి పాడి, శ్రోతను ఎదురుచూడనిచ్చి, ఆపైన కాఫియాను (రదీఫ్‌కు ముందు వచ్చే ప్రాస మాటను) విడవాలి. ఇక్కడ నెరవల్ (ఒకే పాదాన్ని రకరకాలుగా విస్తరించి పాడడం) అలవాటు ఎంతో ఉపకరిస్తుంది. కల్పనస్వరాల (అప్పటికప్పుడు అల్లి పాడే స్వరాల) మోజును మాత్రం, నా ఉద్దేశంలో, పూర్తిగా అణచుకోవాలి. ధ్రుపద్ (హిందుస్తానీ సంగీతంలో ఒక ప్రాచీన శైలి) గాయకుల కుటుంబంలో పుట్టిన ప్రసిద్ధ గజల్ గాయకుడు మెహదీ హసన్ (1927–2012) పాటలో విద్వత్తు మాట వెనుకే నడుస్తుంది.

తాళానికి 6 మాత్రల దాద్రా, 8 మాత్రల కహర్వా చాలు. తొలి కచేరీలో దాశరథి, సినారె తెలుగు గజళ్లను కూడా చేర్చుకుంటే ఉర్దూ రాని శ్రోతలు సభలో నిలుస్తారు.