పాఠం 4: లైసోసోమ్ అక్కడికి ఎందుకు చేరింది?

లైసోసోమ్ అంటే కణంలో పాత సామాను అరిగించే చిన్న సంచి. అది కేంద్రకం దగ్గరికో, కణం అంచుకో ఎలా చేరుతుందో ఈ పాఠంలో చూద్దాం. గత పాఠంలో గీసిన కణం బొమ్మ ముందు పెట్టుకోండి. కేంద్రకం పక్క నుంచి అంచుదాకా పరుచుకున్న గీతలు మైక్రోట్యూబ్యూళ్లు, అంటే లైసోసోములు కదిలే సన్నని ప్రొటీన్ గొట్టాలు. కాజీపేట జంక్షన్ నుంచి సికింద్రాబాద్ వైపు, బల్లార్షా వైపు, విజయవాడ వైపు పట్టాలు చీలినట్టే అనుకోండి. కానీ రైలు పట్టాకు రెండు కొసలూ ఒకటే, వీటికి కాదు. మామూలుగా కేంద్రకం వైపున్నది మైనస్ కొస, అంచు వైపున్నది ప్లస్ కొస. వీటి మీద నడిచే ఇంజను ప్రొటీన్లలో డైనీన్ మైనస్ వైపు లాగుతుంది, కైనెసిన్-1 ప్లస్ వైపు.

లైసోసోమ్‌కు ఏ ఇంజను తగలాలో చూసేవి చిన్న జీటీపేజ్ ప్రొటీన్లు. జీటీపీ అనే చిన్న అణువును పట్టుకుని ఉన్నంతసేపు పనిలో ఉంటాయి, అది జీడీపీగా విడిపోయాక ఆగుతాయి. వీటిలో ఒకటైన రాబ్7 లైసోసోమ్ పొర మీద కూర్చుని ఆర్‌ఐఎల్‌పీ అనే జోడింపు ప్రొటీన్‌ను పట్టుకుంటుంది, దాని వెంట డైనీన్ వస్తుంది. వీటిలో మరొకటి ఆర్ల్8. దాన్ని పొర మీదికి చేర్చేది బోర్క్, ఎనిమిది ప్రొటీన్ల గుంపు. ఆర్ల్8 స్కిప్ అనే జోడింపు ప్రొటీన్‌ను పట్టుకుంటే, స్కిప్ కైనెసిన్-1ను తెస్తుంది.

ఇక మైక్రోస్కోప్ చిత్రం ఎలా చదవాలో చూద్దాం. ల్యాంప్1 లైసోసోమ్ పొర మీది ప్రొటీన్, దానికి రంగు వేస్తే లైసోసోములు చుక్కలుగా కనబడతాయి. ఒక చిత్రంలో ల్యాంప్1 రంగు చుక్కలన్నీ కేంద్రకం చుట్టూ ముద్దగా ఉన్నాయి. హనుమకొండలో నా దగ్గర చదివే పిల్లల్లో చాలామంది వెంటనే ‘రాబ్7 పెరిగింది’ అని రాస్తారు. ఈ తొందర నాకు నిజంగా బాధ కలిగిస్తుంది. ఆర్ల్8 లేకపోయినా, బోర్క్ పోయినా అదే చిత్రం వస్తుంది. కణానికి అమైనో ఆమ్లాలు అందక ఆకలితో ఉన్నా లైసోసోములు లోపలికే చేరతాయి. పైగా రాబ్7 ఎప్పుడూ లోపలికే లాగదు, ఫైకో1 అనే మరో జోడింపు ప్రొటీన్‌ను పట్టుకున్నప్పుడు కైనెసిన్ వైపు నడుపుతుంది. కాబట్టి ‘రాబ్7 అంటే లోపలికి’ అని బట్టీ పట్టకండి. చుక్కలు చెప్పేది ఎక్కడున్నాయో మాత్రమే. ఎవరు లాగారో తేల్చాలంటే ఒక్కొక్క ప్రొటీన్‌నూ తీసి చూడాలి, పక్కన మామూలు కణం చిత్రం కూడా ఉండాలి.

కంటి అంచనా మీద ఆధారపడకండి. కేంద్రకం అంచు నుంచి కణం అంచుకు ఉన్న దూరాన్ని సగం చేసి, లోపలి సగంలో, బయటి సగంలో చుక్కలు లెక్కపెట్టండి. ఒక్క కణంతో ఆగొద్దు, చిత్రంలో ఉన్నవన్నీ లెక్కించండి.

వచ్చే పాఠానికి రెండు బొమ్మలు గీయండి. మొదటిదాంట్లో స్కిప్ లేదు, ఆర్ల్8, రాబ్7 మామూలుగా ఉన్నాయి. రెండోదాంట్లో అదే కణానికి నొకొడజోల్ అనే మందు వేసి మైక్రోట్యూబ్యూళ్లను విప్పేశారు. ప్రతి బొమ్మ కింద చుక్కలు అక్కడే ఎందుకు పెట్టారో రెండు వాక్యాల్లో రాయండి.