ఎక్మో పేషెంట్ దగ్గర డ్యూటీ ఎక్కగానే సర్క్యూట్ ఎలా చూసుకోవాలి

ఎక్మో అంటే రక్తాన్ని బయటికి తీసి, ఆక్సిజన్ ఎక్కించి, కార్బన్ డయాక్సైడ్ తీసేసి మళ్ళీ ఒంట్లోకి పంపే మెషీన్. ఐసీయూలో కొత్తగా ఎక్మో బెడ్ ఇస్తే చాలామంది ముందు స్క్రీన్ చూసి నంబర్లు రాసుకుంటారు, ఫ్లో (నిమిషానికి పోయే రక్తం) ఇంత, ఆర్‌పీఎం (పంపు తిరిగే వేగం) ఇంత అని. నన్నడిగితే అది రెండో పని. ముందు టార్చ్ పట్టుకుని పేషెంట్ దగ్గర మొదలుపెట్టి, రక్తం ఏ దారిన పోతుందో అదే దారిలో ట్యూబ్ వెంట వెళ్ళి మళ్ళీ పేషెంట్ దగ్గరికే రండి. డ్రైనేజ్ కాన్యులా (రక్తం బయటికి లాగే, రక్తనాళంలో పెట్టిన గొట్టం), పంపు, ఆక్సిజనేటర్ (రక్తానికి ఆక్సిజన్ ఎక్కించే డబ్బా), రిటర్న్ కాన్యులా (రక్తం తిరిగి లోపలికి పంపే గొట్టం), అంతే దారి. రక్తం తిరిగి సిరలోకే వెళ్తే వీవీ, అంటే ఊపిరితిత్తులకి మాత్రమే సాయం, ధమనిలోకి వెళ్తే వీఏ, అంటే గుండెకి కూడా. ఈ తేడా డ్యూటీ అయ్యేదాకా బుర్రలో ఉండాలి ఎందుకంటే ఒకదాంట్లో మామూలుగా చేసే పని ఇంకోదాంట్లో ప్రాణం తీస్తుంది, అదేంటో కింద చెప్తా.

కాన్యులా దగ్గర కుట్లు గట్టిగా ఉన్నాయా, లోతు గుర్తు నిన్న రాసిన చోటే ఉందా, చుట్టూ రక్తం ఊరుతోందా చూడండి. తర్వాత రంగు. డ్రైనేజ్ లైను నల్లగా, రిటర్న్ లైను ఎర్రగా ఉండాలి. రెండూ నల్లగా ఉంటే ముందు ఆక్సిజనేటర్‌కి వెళ్ళే గ్యాస్ ట్యూబ్ ఊడిందేమో చూడండి, చాలాసార్లు అదే. వీవీలో రెండూ ఎర్రగా ఉంటే రీసర్క్యులేషన్, అంటే ఇచ్చిన రక్తాన్నే మెషీన్ మళ్ళీ లాక్కుంటోంది, పేషెంట్‌కి అందట్లేదు.

ఆక్సిజనేటర్ మీద టార్చ్ వేస్తే మూలల్లో నల్లటి క్లాట్లు కనిపిస్తాయి, కనెక్టర్ల దగ్గర తెల్లటి ఫైబ్రిన్ పోగులు కూడా. రక్తం లోపలికి వెళ్ళే వైపు ఉన్నవి ఎక్కడున్నాయో గుర్తుపెట్టి పెరుగుతున్నాయా అని చూస్తే చాలు, బయటికి వచ్చే వైపు ఉన్నవి మాత్రం నేరుగా పేషెంట్‌లోకి పోతాయి కాబట్టి వెంటనే చెప్పాలి. 1975లో బార్ట్‌లెట్ ఎక్మోతో మొదటిసారి పసిబిడ్డని బతికించినప్పుడు రోలర్ పంపులు, సిలికాన్ మెంబ్రేన్లు ఉండేవి, ఇప్పుడు సెంట్రిఫ్యూగల్ పంపు, సన్న గొట్టాల ఆక్సిజనేటర్ వచ్చాయి, అయినా క్లాట్ గొడవ మాత్రం పోలేదు.

ఇప్పుడు నంబర్లు. సెంట్రిఫ్యూగల్ పంపుకి ఒక గుణం ఉంది, ఆర్‌పీఎం అలాగే ఉన్నా ఫ్లో పడిపోవచ్చు. అలా పడితే ఆర్‌పీఎం పెంచేయకండి, ప్రెషర్లు చూడండి. పంపు ముందు ప్రెషర్ ఎప్పుడూ మైనస్‌లోనే ఉంటుంది, మామూలుగా మైనస్ 100 ఎంఎంహెచ్‌జీ దాటనివ్వరు. అది ఇంకా మైనస్‌లోకి పోయి లైను గడగడా ఊగుతోందంటే పంపుకి రక్తం చాలట్లేదు. ట్యూబ్ మెలిక పడిందా, పేషెంట్ దగ్గుతున్నాడా, ఫ్లూయిడ్ తక్కువైందా, న్యూమోథొరాక్స్ (ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరడం) లేదా గుండె చుట్టూ రక్తం చేరడం లాంటిదా, వరసగా వెతకాలి, ఈలోగా ఆర్‌పీఎం కొంచెం తగ్గించండి. ఇక్కడ ఆర్‌పీఎం పెంచితే సిర గోడ కాన్యులాకి అతుక్కుని ఫ్లో ఇంకా పడుతుంది, ఎర్రకణాలు కూడా పగులుతాయి, యూరిన్ కోలా రంగుకి తిరుగుతుంది. అలా కాకుండా ఆక్సిజనేటర్ ముందు ప్రెషర్ పెరిగి తర్వాతది పెరగకపోతే ఆక్సిజనేటర్‌లో క్లాట్ అనుకోవాలి, రెండూ పెరిగితే రిటర్న్ వైపు మెలిక గానీ పేషెంట్ బీపీ పెరగడం గానీ. ఆక్సిజనేటర్ ముందు, తర్వాత ప్రెషర్ల తేడాని ఒకే ఫ్లో దగ్గర పోల్చండి, ఫ్లో మారితే అదీ మారుతుంది.

తిప్పడానికి మన చేతిలో ముఖ్యంగా రెండే ఉంటాయి. ఆక్సిజన్ కావాలంటే బ్లడ్ ఫ్లో, కార్బన్ డయాక్సైడ్ తగ్గాలంటే స్వీప్ గ్యాస్, అంటే ఆక్సిజనేటర్‌లోకి పంపే గ్యాస్. పెద్దవాళ్ళలో వీవీ ఫ్లో సుమారు కిలోకి నిమిషానికి 60 ఎంఎల్ నుంచి మొదలవుతుంది. స్వీప్ పెంచేటప్పుడు మాత్రం నిదానం, చాలా రోజులుగా కార్బన్ డయాక్సైడ్ ఎక్కువున్న పేషెంట్‌కి ఒక్కసారిగా దించేస్తే మెదడుకి దెబ్బ. పైన చెప్తానన్నది ఇదే: వీవీలో స్వీప్ సున్నా చేయడం వీనింగ్ ట్రయల్‌లో (మెషీన్ నుంచి తప్పించగలమా అని చూసే పరీక్షలో) మామూలే, వీఏలో ఎప్పుడూ చేయకూడదు. చేస్తే ఆక్సిజన్ లేని నల్ల రక్తం నేరుగా ధమనిలోకి పోతుంది.

వీఏ పేషెంట్‌కి ఇంకో మూడు చూడాలి. బ్లడ్ గ్యాస్ శాంపిల్ కుడి చేతి రేడియల్ (మణికట్టు దగ్గరి ధమని) నుంచే తీయండి. గుండె కోలుకుని ఊపిరితిత్తులు బాగోకపోతే, గుండె తోసే తక్కువ ఆక్సిజన్ రక్తం మెదడుకి వెళ్తుంది, కాలు మాత్రం మెషీన్ రక్తంతో ఎర్రగా ఉంటుంది, కాలి శాంపిల్ చూసి అంతా బాగుంది అనుకుంటాం. కాన్యులా ఉన్న కాలు గంటగంటకీ చల్లబడిందా, పాలిపోయిందా చూడాలి, అందుకే కింది కాలికి రక్తం పోవడానికి వేరే సన్న కాన్యులా కూడా పెడతారు. ఆర్టీరియల్ లైన్ వేవ్ గీతలా చదునైపోతే అయోర్టిక్ వాల్వ్ తెరుచుకోవట్లేదేమో అని అనుమానించి ఎకోకి పిలవండి, ఎడమ జఠరికలో రక్తం నిలిచిపోతే క్లాట్ కడుతుంది, ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది.

క్లాట్ కట్టకుండా ఇచ్చే హెపారిన్ విషయంలో ఏపీటీటీ, యాంటీ టెన్ఏ (హెపారిన్ ఎంత పనిచేస్తుందో చూసే రక్తపరీక్షలు) టార్గెట్లు మీ యూనిట్ ప్రోటోకాల్ ప్రకారమే. ఐఎం (కండలో వేసే) ఇంజెక్షన్ వద్దు, సక్షన్ మెల్లగా, కనుపాపలు గంటకోసారి. పంపు ముందున్న భాగంలో ఏ కనెక్షనూ, ఏ త్రీవేనీ తెరవకండి, అక్కడ మైనస్ ప్రెషర్ కాబట్టి రక్తం బయటికి రాదు, గాలి లోపలికి పోతుంది.

గాలి లోపలికి పోయిందా, ముందు పేషెంట్ వైపు రిటర్న్ లైన్ క్లాంప్, పంపు ఆపు, వెంటిలేటర్ ఫుల్ సెట్టింగ్, గట్టిగా అరిచి మనుషుల్ని పిలవండి, తల కిందకి దించండి. అందుకే క్లాంపులు బెడ్‌కే తగిలించి ఉండాలి, డ్రాయర్‌లో కాదు. పంపు ఆగిపోతే కూడా ముందు క్లాంపే, వీఏలో అయితే ధమని రక్తం వెనక్కి పారుతుంది మరి. తర్వాత పంపు హెడ్‌ని హ్యాండ్ క్రాంక్‌కి (చేత్తో తిప్పే పరికరానికి) మార్చి తిప్పండి, ఆర్‌పీఎం ఎక్కాకే క్లాంప్ తీయాలి. క్రాంక్ ఎటు తిప్పాలో దాని మీద బాణం గుర్తు ఉంటుంది, డ్యూటీ ఎక్కగానే ఒకసారి చూసి పెట్టుకోండి. ఫుల్ ఆక్సిజన్ సిలిండర్ కూడా పక్కనే.

వీనింగ్ టైం వచ్చిందంటే వీవీలో వెంటిలేటర్ మామూలు సెట్టింగ్‌కి తెచ్చి, బ్లడ్ ఫ్లో అలాగే ఉంచి స్వీప్ ఆపి కొన్ని గంటలు గ్యాస్‌లు చూస్తారు. వీఏలో ఎకో పెట్టుకుని ఫ్లోని నిమిషానికి లీటరు, లీటరున్నర దాకా మెట్లు మెట్లుగా దించుతారు, అంత తక్కువ ఫ్లోలో క్లాట్ రిస్క్ ఎక్కువ కాబట్టి హెపారిన్ సరిగా ఉందో లేదో ముందే చూసుకోవాలి, ఎక్కువసేపు అలా వదలకూడదు. కాన్యులా తీశాక కూడా ఆ సిరలకి డాప్లర్ చేయించండి, అక్కడ క్లాట్లు దొరకడం మామూలే.