బడిలో ప్రసంగం: ఎక్కడ తడబడుతున్నారు, ఏం చేయాలి

ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం. వాడుక భాష కోసం పోరాడిన గిడుగు వెంకట రామమూర్తి గురించి మూడు నిమిషాలు మాట్లాడమని బడిలో చెప్పారనుకుందాం. వేదిక మీద వచ్చే చిక్కుల్లో చాలావాటికి మూలం పిల్లల బెదురు కాదు, చేతిలో పెట్టిన కాగితం. అందుకే మొదట దాని సంగతి.

పాఠం అప్పజెప్పినట్టు ఒకే రాగంలో సాగుతోంది

కారణం: రాసింది పెద్దవాళ్లు. "అవిరళ కృషి సల్పిన మహనీయులు" అన్న మాట ఐదో తరగతి పిల్ల నోట మామూలుగా రాదు. వాడుక భాష కోసం పోరాడినాయన గురించి గ్రాంథికంలో చెప్పించడం మరీ విడ్డూరం.

పరిష్కారం: ముందు విషయం చెప్పండి. 1863లో శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా పనిచేశారు. సవరలనే గిరిజనుల భాష వచ్చిన మనిషిని ఇంట్లో పెట్టుకుని ఆ భాష నేర్చుకున్నారు. సవర పిల్లలకు వాళ్ల భాషలోనే చదువు చెప్పించారు. 1919లో 'తెలుగు' అనే పత్రిక నడిపారు. ఇంతే చాలు. ఇప్పుడు కాగితం పక్కన పెట్టి "ఇదంతా అమ్మమ్మకు చెప్పు" అనండి. ఫోన్‌లో రికార్డు చేసి, వచ్చిన మాటలనే రాయండి. తప్పులు దిద్దండి గానీ వాక్యాలకు అలంకారాలు తొడగకండి.

మధ్యలో ఆగిపోయి, మళ్లీ మొదటి నుంచి మొదలుపెడుతున్నారు

కారణం: మొత్తం ఒకే దండలా బట్టీ పట్టారు. ఒక పూస జారితే తర్వాతిది అందదు.

పరిష్కారం: మొదటి వాక్యం, చివరి వాక్యం మాత్రమే కంఠతా రావాలి. మిగతాది మూడు ముక్కలు: పుట్టుక-ఉద్యోగం, సవరలు, వాడుక భాష. ఒక్కో ముక్కకు రెండు మూడు గుర్తు మాటలు పెద్ద అక్షరాలతో రాయండి. పాత శుభలేఖ వెనక వైపు ఇందుకు బాగా పనికొస్తుంది. అట్ట మందంగా ఉంటుంది కాబట్టి చెయ్యి వణికినా పలుచని కాగితంలా రెపరెపలాడదు. సాధన ఎప్పుడూ మొదటి నుంచే చేయించకండి. "సవరల దగ్గర నుంచి చెప్పు" అని మధ్యలోంచి అడగండి. ఎక్కడ ఆగినా తర్వాతి ముక్కలోకి దూకడం అలవాటవుతుంది. ఒక సంగతి వదిలేసినా వినేవాళ్లకు తెలియదని పిల్లలకు ముందే చెప్పాలి.

గబగబా చెప్పేస్తున్నారు, లేదా సమయం దాటుతోంది

పిల్లలు నింపాదిగా మాట్లాడితే నిమిషానికి సుమారు 70, 80 తెలుగు మాటలు పడతాయి. మూడు నిమిషాలకు 240 మాటలు దాటితే పరుగు తప్పదు, కాబట్టి కోసేయండి. మొదట కోయాల్సింది సంబోధనే. వేదిక మీది పెద్దలందరినీ పేరుపేరునా పలకరించేసరికి అర నిమిషం పోతుంది, పైగా పేరు తప్పితే అక్కడే కంగారు మొదలు. "సభకు నమస్కారం" సరిపోతుంది.

ఒక మాట దగ్గర నాలుక మడతపడుతోంది

"వ్యావహారిక భాషోద్యమం" అలాంటిదే. విడదీసి పలికించండి: వ్యా-వ-హా-రి-క. రెండు రోజులైనా పట్టు దొరక్కపోతే "వాడుక భాష ఉద్యమం" అని మార్చేయండి. విదేశాల్లో పెరిగే పిల్లలకు తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో రాసిస్తే త-ట, ద-డ, ల-ళ కలగాపులగమవుతాయి. తెలుగు చదవడం రాకపోతే మీ గొంతుతో రికార్డు చేసి వినిపించి నేర్పండి.

మైకులో గొంతు వినబడటం లేదు, లేదా కూత పెడుతోంది

వినబడకపోతే మైకు దూరంగా ఉంది, లేదా తల పక్కకు తిరిగింది. నోటికి నాలుగు వేళ్ల దూరంలో, గడ్డానికి కాస్త కింద ఉండాలి. మరీ ఆనిస్తే ప, బ, భ దగ్గర బుస్సుమని గాలి కొడుతుంది. స్టాండు ఎత్తుగా ఉంటే మునివేళ్ల మీద నిలబడనివ్వకండి, టీచరును అడిగి దించమనండి. కూత వస్తే మైకు స్పీకరు పెట్టె వైపు తిరిగి ఉందేమో చూడండి. మైకు తలను పిడికిలితో మూసినా ఇదే గోల. ముందురోజు ఒక్కసారైనా అదే మైకులో పలికించమని బడిలో అడగండి. పెద్ద పెట్టెల్లోంచి తన గొంతు తనకే వినబడి బిత్తరపోయే పిల్లలు ఎక్కువ.

నోరు ఎండిపోతోంది, కాళ్లు వణుకుతున్నాయి

పేరు పిలవకముందే రెండు గుక్కల మంచినీళ్లు. పాదాలు భుజాలంత ఎడంగా పెట్టి నిలబడాలి. నాలుగు లెక్కపెడుతూ గాలి పీల్చి, ఆరు లెక్కపెడుతూ వదలాలి, మూడుసార్లు. "భయపడకు" అని పదే పదే అనడం వల్ల భయం గుర్తుకొస్తుందే తప్ప పోదు.

చివర్లో దిగిపోతూ మాట్లాడుతున్నారు

ఆఖరి వాక్యం నింపాదిగా చెప్పి, మనసులో ఒకటి, రెండు లెక్కపెట్టి, నమస్కారం పెట్టి కదలాలి. దీన్ని కూడా ఇంట్లో నిలబడే సాధన చేయించండి.