డచ్ ఏనుగు, ఇంగ్లీషు ఆంబోతు

నెదర్లాండ్స్‌లో మా పక్కింటి పిల్లాడు ఇంగ్లీషు జాతీయాల్లో జంతువుల్ని తన డచ్ భాషలోని వాటితో తారుమారు చేసేస్తుంటాడు. ఈ చిట్కా బాగా పనికొచ్చింది. రోజుకు మూడే చీటీలు. ముందువైపు డచ్ జంతువు బొమ్మ, వెనక ఇంగ్లీషుది, కింద వాడి సొంత వాక్యం ఒకటి. పింగాణీ బీరువాలో దూరిన డచ్ ఏనుగు, వెనక పింగాణీ కొట్లో ఆంబోతు (మొరటుగా అన్నీ పాడుచేసే మనిషి అని). సంచిలో కొన్న పిల్లి, వెనక పంది (చూడకుండా కొని మోసపోవడం అని). ఒక్క దెబ్బకు రెండు ఈగలు, వెనక రెండు పిట్టలు (ఇది అచ్చం మన తెలుగులాగే!). ఆ చీటీల్ని మూడో రోజు ఒకసారి, వారానికి మరోసారి వాడిచేత తిప్పించాలి.

ఒకేలా పలికే విడి మాటలకు మాత్రం బొమ్మ చాలదు. 'డీర్' అంటే డచ్‌లో ఏ జంతువైనా, ఇంగ్లీషులో జింకే. అలాంటివి వాక్యంలో పెట్టి పైకి చదివించండి.