సగటు మైనస్‌లో వచ్చిందా?

లాజిస్టిక్ మోడల్ (అవును/కాదు ఫలితాలకి వాడేది) రన్ చేశాక అడ్జస్టెడ్ మీన్ (మిగతా అంశాల ప్రభావాన్ని సర్దుబాటు చేసిన సగటు) మైనస్ 1.39 అని వస్తే కంగారు పడకండి. అది లింక్ స్కేల్ మీది అంకె, అంటే మోడల్ తన లెక్కల కోసం సగటుని లింక్ అనే ఫంక్షన్‌తో మార్చిన రూపం. ఈ మోడల్ లింక్ లాజిట్, అంటే ఆడ్స్‌కి (జరిగే, జరగని సంభావ్యతల నిష్పత్తికి) లాగ్. దాన్నుంచి వెనక్కి మారిస్తే సంభావ్యత దాదాపు 0.20. అదే అంకె పాయిజాన్ మోడల్‌లో (ఎన్నిసార్లు జరిగిందో లెక్కపెట్టిన సంఖ్యలకి వాడేది) లాగ్ లింక్‌తో వస్తే సగటు 0.25 దగ్గర ఉంటుంది. కాబట్టి ముందు లింక్ ఏదో చూసుకోండి.

ఒక్కో అంశం ప్రభావాన్ని చూపే కోఎఫిషియెంట్లదీ ఇదే కథ. లాగ్ లింక్‌లో 0.69 అంటే సగటు దాదాపు రెట్టింపు అయినట్టు. లాజిట్‌లో రెట్టింపయ్యేది ఆడ్స్, సంభావ్యత కాదు. 0.20 కాస్తా 0.33 అవుతుంది, అంతే. ఈ రెంటినీ కలగాపులగం చేసిన రిపోర్టులకు కొదవ లేదు.

ఇంకోటి, గ్రూపుల్ని పోల్చేటప్పుడు ఆర్ సాఫ్ట్‌వేర్ మామూలుగా మొదటి లెవెల్‌ని (గ్రూపుని), సాస్ సాఫ్ట్‌వేర్‌లో జెన్‌మాడ్ ప్రొసీజర్ చివరి లెవెల్‌ని రిఫరెన్స్‌గా, అంటే మిగతావాటిని పోల్చే ఆధారంగా తీసుకుంటాయి. అందుకే ఒకే డేటాకి ప్లస్, మైనస్ గుర్తులు తారుమారుగా కనిపించొచ్చు. అడ్జస్టెడ్ మీన్లు మాత్రం దీనివల్ల మారవు.

స్టాండర్డ్ ఎర్రర్‌ని (అంచనా ఎంత అటూఇటూ కావచ్చో చెప్పే కొలతని) నేరుగా వెనక్కి మార్చకండి. కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్ (అసలు విలువ ఉండొచ్చనుకునే పరిధి) రెండు చివర్లనూ లింక్ స్కేల్ మీదే లెక్కగట్టి, ఆ తర్వాత మార్చండి. మార్చాక ఆ ఇంటర్వెల్ అంచనాకి రెండువైపులా సమానంగా ఉండదు. ఉండక్కర్లేదు కూడా.